ఫస్టియర్ బీఏకు పాఠం ఎవరు చెప్పాలి?

ఏటా కాలేజీలు తెరిచేముందు డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూములో టైమ్‌టేబుల్ పంపకం జరుగుతుంది. బయటివాళ్లకు అదొక గుమస్తా పనిలా కనబడుతుంది గానీ పిల్లల మూడేళ్ల చదువు సగం ఆ కాగితం మీదే తేలిపోతుంది. సీనియర్లు ఫైనలియర్ పేపర్లు ముందే తీసేసుకుంటారు. సెకండియర్ తర్వాతివాళ్లకు పోతుంది. మిగిలిన ఫస్టియర్ బీఏ పీరియడ్లు, వాటిలోనూ అన్ని గ్రూపులకూ ఉమ్మడిగా ఉండే ఫౌండేషన్ పేపర్లు, ఇంకా కాలేజీలో అడుగుపెట్టని గెస్ట్ ఫ్యాకల్టీ పేరిట రాసిపెడతారు. ఆ మనిషి వచ్చేసరికి వినాయక చవితి వెళ్లిపోతుంది. అప్పటిదాకా ఆ గడి ఖాళీ.

ముప్పై ఏళ్లు రాయలసీమ కాలేజీల్లో చరిత్ర చెప్పాను. మొదటి పదేళ్లు నేను కూడా ఆ పంపకంలో ఫైనలియరే అడిగి తీసుకున్నాను. అది తప్పని తెలుసుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

దేశంలో డిగ్రీ చదువుతున్నవాళ్లలో ఆర్ట్స్ పిల్లలే అందరికంటే ఎక్కువ. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కలో వాళ్లు 34.2 శాతం. ప్రతి ముగ్గురిలో ఒకరు. మన దగ్గర ఆ ఒకరు తరచూ ఇంటర్‌లో హెచ్‌ఈసీ చదివి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయో అబ్బాయో. "ఏ సీటూ రాక బీఏలో చేరినాడు" అని చుట్టాలు అంటుంటే వింటూ చేరినవాళ్లు. ఆ మాట నిజమని వాళ్లు నమ్మేలోపే మనం వాళ్లను పట్టుకోవాలి. దానికి మనకున్న గడువు మొదటి ఏడాది మాత్రమే.

పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువును ఇంగ్లిష్ మీడియానికి మార్చారు. అప్పటిదాకా తెలుగులో చదివిన పిల్లవాడికి పొలిటికల్ సైన్స్ మొదటి క్లాసులోనే 'స్టేట్' అన్న మాట ఎదురవుతుంది. పేపర్లో చదివిన స్టేట్ అంటే రాష్ట్రం. పాఠంలోని స్టేట్ అంటే రాజ్యం. ఈ తేడా ఎవరూ విప్పి చెప్పకపోతే, రాజ్య సిద్ధాంతాలన్నీ అమరావతికీ హైదరాబాద్‌కూ సంబంధించినవనుకుంటూ సెమిస్టర్ దాటేస్తాడు. ఎకనామిక్స్‌లో డిమాండ్ ఉంది. కొనాలన్న కోరికతో పాటు కొనగలిగే డబ్బు కూడా ఉంటేనే అది డిమాండ్. ఈ రెండో సగం తెలియకుండా డిమాండ్ సూత్రాన్ని పొల్లు పోకుండా అప్పగించిన పిల్లల్ని ఎంతోమందిని చూశాను. ఆ పేపర్లో వాళ్లకు మంచి మార్కులే వచ్చాయి.

ఫౌండేషన్ చదువు మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివినవాళ్లకు 'భారతీయ వారసత్వం – సంస్కృతి', 'విజ్ఞానశాస్త్రం – నాగరికత' అన్న పేపర్లు గుర్తుండే ఉంటాయి. ఎంత మంచి పేర్లవి! బీకాం పిల్లవాడికి శిల్పం గురించి, బీఏ పిల్లకు విజ్ఞానం నడిచివచ్చిన దారి గురించి చెప్పాలనుకున్న పేపర్లు. కానీ వాటికి సొంత డిపార్ట్‌మెంటు అంటూ లేదు. ఎవరికి పీరియడ్లు తక్కువైతే వాళ్ల నెత్తిన పడేవి. పరీక్షకు పది రోజుల ముందు బజారులో దొరికే గైడే ఆ పేపర్లకు అసలు గురువు.

ఈ విషయంలో మనకు దారి చూపినవాడు మనవాడే. జి. రాంరెడ్డి 1982లో హైదరాబాద్‌లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. ఇంటర్ పాస్ కాకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలోకి రావచ్చన్న తలుపు తెరిచిన చోట, లోపలికి వచ్చినవాడికి ముందు కాలు నిలదొక్కుకునే చోటు ఇవ్వాలి. ఇందిరాగాంధీ వర్సిటీ తన తొలి డిగ్రీ పథకంలో 96 క్రెడిట్లు పెట్టి, అందులో 24 ఫౌండేషన్‌కే కేటాయించింది. ఇంగ్లిష్‌గానీ మరో భారతీయ భాషగానీ, మానవీయ సామాజిక శాస్త్రాలు, సైన్స్ అండ్ టెక్నాలజీ. అక్కడ ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. అంటే 720 గంటలు పునాదికే. తరగతి గది లేని చోట అంత పట్టుదల ఉంటే, తరగతి గదీ నల్లబల్లా జీతగాడైన లెక్చరరూ ఉన్న చోట మనం అందులో నాలుగో వంతైనా పెట్టలేదు.

పెట్టడం తెలియక చెడిన అనుభవమూ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల డిగ్రీ తెచ్చి, ఏ సబ్జెక్టు వాళ్లకైనా పదకొండు ఫౌండేషన్ కోర్సులు తప్పనిసరి చేసింది. స్కూల్లో చదివిందే మళ్లీ చెబుతున్నారని పిల్లలు, ఇంత హడావుడిగా సిలబస్ ఎలా రాస్తామని అధ్యాపకులు గొడవ పెట్టారు. ఏడాది తిరగకుండానే, 2014 జూన్‌లో, అంతా వెనక్కి తీసుకున్నారు. అందరికీ అన్నీ తలా చెంచాడు వడ్డించాలనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు. ఆకలిగా వచ్చినవాడు ఆకు ముందు నుంచి ఆకలితోనే లేచిపోయాడు.

మన రాష్ట్రంలో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు బీఏ మొదటి సెమిస్టర్‌లో రెండు ఉమ్మడి పేపర్లు పెట్టారు. ఒకటి సామాజిక శాస్త్రాల మౌలికాంశాలు, రెండోది భారతీయ సమాజంపై దృక్పథాలు. ఉద్దేశం మంచిది. మేజర్‌లోకి దూకేముందు పిల్లలు చుట్టూ ఒకసారి చూడాలనుకోవడం సరైన ఆలోచన. అయితే ఒక్క సెమిస్టర్‌తో అది అయిపోయేలా పెట్టారు. యూజీసీ లెక్కలో సెమిస్టర్‌కు తొంభై పనిదినాలు. అడ్మిషన్లు విడతలు విడతలుగా సాగే మన కాలేజీల్లో చివరి విడతలో చేరిన పిల్లవాడికి అందులో ఎన్ని దొరుకుతాయో ప్రిన్సిపాళ్లకు తెలుసు. సెమిస్టర్ చాలదు, ఏడాది కావాలి. సిలబస్ కూడా అన్నిటినీ తడిమేది కాకుండా ఒకదాన్ని పట్టుకుని లోతుకు దిగేదిగా ఉండాలి.

దిగడం అంటే ఎలాగో నాకు నేర్పింది ఒక చెరువు.

కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు ఉంది. శాసనంలో దాని పేరు అనంతరాజ సాగరం. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి రాజ్యం ఏలుతూ 1369లో దాన్ని కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని ఆ శాసనం చెబుతుంది. అంతటితో ఆగితే అదీ మామూలు రాజప్రశస్తే అయ్యేది. కానీ అందులో చెరువు కట్టడానికి ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా చెప్పారు. దోషాలేమిటంటే, కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం.

ఒక ఏడాది ఫస్టియర్ వాళ్లకు ఈ ఆరు దోషాలు బోర్డు మీద రాసి, ఇంకేమీ చెప్పకుండా వారం రోజులు వదిలేశాను. మూడో దోషం దగ్గర ఒకమ్మాయి ఆగిపోయింది. "ఇది కృష్ణా నీళ్ల గొడవే కదా సార్" అంది. ఆరున్నర శతాబ్దాల నాటి రాతిలో తన పేపర్లో రోజూ వచ్చే వార్త దొరికింది ఆ పిల్లకు. అక్కడి నుంచి బచావత్ ట్రిబ్యునల్‌కు, బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి నేను తోవ చూపనక్కర్లేకపోయింది. అయిదో దోషం ఎకనామిక్స్. ఉన్న నీటికి ఎంత భూమి తడపగలం, చివరి మడి ఎవరిది, అది ఎండితే ఎవరు అప్పు చేస్తారు? చెరువు నిర్వహణ ఎవరి పని అన్నది పాలిటిక్స్. చిన్న నీటిపారుదలను పంచాయతీలకు అప్పగించదగ్గ విషయంగా పెట్టిన 73వ రాజ్యాంగ సవరణ, నీటి సంఘాలను తెచ్చిన 1997 నాటి రాష్ట్ర చట్టం అక్కడే చదివారు. నీళ్లు రాని ఏడాది ఇళ్లలో ఏమవుతుందో తెలియడానికి సింగమనేని నారాయణ కూర్చిన 'సీమ కథలు' చదివించాం. సిలబస్ చూసుకుంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్, తెలుగు, నాలుగు సబ్జెక్టుల్లో చెప్పవలసిన మౌలికాంశాలు చాలావరకు వచ్చేశాయి.

తర్వాత మా కాలేజీకి దగ్గరున్న ఒక ఊరి చెరువుకు నడిచివెళ్లాం. అప్పటిదాకా క్లాసులో నోరు తెరవని ఒక అబ్బాయి కట్ట ఎక్కగానే ముందుకొచ్చాడు. "మా నాయన నీరుగంటి సార్" అని మొదలుపెట్టి తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలవకు ముందు విడవాలో, మరవ పారిన ఏడాది ఊళ్లో ఏం చేస్తారో చెప్పుకుంటూ పోయాడు. మిగతా పిల్లలు నోటుబుక్కులు తీసి రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. నీటి పంపకంలో ఎవరి మాట చెల్లుతుందో ఆ రోజు వాడు చెప్పినంత వివరంగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఫౌండేషన్ ఇయర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ కట్టే గుర్తొస్తుంది. ఇంట్లో తెలిసినదంతా కాలేజీలో పనికిరాదని తలదించుకుని కూర్చున్న పిల్లవాడు, తనకు తెలిసింది చదువేనని ఆ రోజు తెలుసుకున్నాడు.

ప్రతి కాలేజీకి పోరుమామిళ్ల అక్కర్లేదు. గుంటూరులో మిరప యార్డు ఉంది, సిరిసిల్లలో మగ్గం ఉంది, విశాఖలో చేపల రేవు ఉంది. ఒక్కటి ఎంచుకుని ఏడాది పొడవునా దాని చుట్టూ తిరగాలి.

రాత సంగతి. వారానికి ఒక పేజీ, సొంతంగా, గైడు ముట్టకుండా రాయించాలి. మొదటి సెమిస్టర్‌లో ముందు తెలుగులో రాసి, అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో మళ్లీ రాయనివ్వాలి. తెలుగులో తేలిన ఆలోచన ఇంగ్లిష్‌లోకి నెమ్మదిగా వస్తుంది, తెలుగులోనే తేలనిది ఎప్పటికీ రాదు. అరవై మంది పేజీలు ప్రతి వారం దిద్దడం ఒక్కరి వల్ల కాదని లెక్చరర్లు అంటారు, నిజమే. నేను వారానికి ఇరవై దిద్దేవాణ్ని. మూడు వారాలకోసారి ప్రతి పిల్లవాడి వంతు వచ్చేది. తక్కినవి ఒకరివి ఒకరు చదువుకునేవాళ్లు. ఎవరిది ఏ వారం నా చేతికొస్తుందో ముందే చెప్పేవాణ్ని కాదు. ఇంటర్నల్ మార్కులు ఆ నోటుబుక్కుకే వేశాను. ఇంకో నియమం, లైబ్రరీ నుంచి ఒక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. ఒక్కటి చాలు. డిగ్రీ పూర్తిచేసినా ఒక్క పుస్తకమైనా మొత్తం చదవనివాళ్లను నేను ఇంటర్వ్యూ బోర్డుల్లో చూశాను.

దీనికి తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే, ఉద్యోగం వస్తుందా అని. న్యాయమైన ప్రశ్న. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే అప్పు తెచ్చి కట్టేవాళ్లకు అది అడిగే హక్కుంది. వాళ్లకు నా జవాబు, గ్రూప్-1 మెయిన్స్ చూడండి. బిట్లు దాటి వచ్చినవాణ్ని అక్కడ కూర్చోబెట్టి వ్యాసాలు రాయమంటారు. కోచింగ్ సెంటరు ఆరు నెలల్లో సమాచారం ఇవ్వగలదు, సొంత వాక్యం రాసే చెయ్యి ఇవ్వలేదు. ఆ చెయ్యి ఫస్టియర్‌లో తిరగాలి.

ఇది మొదలుపెట్టడానికి కొత్త జీవో ఏదీ రానక్కర్లేదు, పాఠం ఎవరు చెప్పాలన్నది మారిస్తే చాలు. 1950లో ఇంగ్లండులో కుండల పరిశ్రమ నడిచే స్టోక్ ప్రాంతంలో, ఎ.డి. లిండ్సే అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు ఒక కొత్త కాలేజీ తెరిచాడు, తర్వాత అదే కీల్ విశ్వవిద్యాలయమైంది. అక్కడ నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఏడాది మొత్తం ఫౌండేషన్ ఇయర్. ఆర్ట్స్ పిల్లలు సైన్సు, సైన్సు పిల్లలు ఆర్ట్స్ చదవాలి. ఆ ఏడాది పాఠాలను ప్రొఫెసర్లే చెప్పేవారు, కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ల మీదికి నెట్టలేదు. మన కాలేజీల్లో మార్చవలసింది ముందుగా ఇదొక్కటే.

ప్రిన్సిపాళ్లకు, డిపార్ట్‌మెంట్ ఇన్‌చార్జిలకు ఒక మనవి. ఈసారి టైమ్‌టేబుల్ కాగితం ముందు కూర్చున్నప్పుడు మొదట ఫస్టియర్ బీఏ గడులు నింపండి. వాటిలో మీ కాలేజీలో అందరికంటే ఎక్కువ అనుభవమున్న లెక్చరర్ పేరు రాయండి. ఆ లెక్చరర్ మీరే అయితే మీ పేరే రాయండి.