కంది సుంకం సంగతి విత్తే ముందే చెప్పాలి

మన మొగుడంపల్లి పొలిమేర దాటితే కర్ణాటక. అటు పండినా ఇటు పండినా కంది కందే. బయటి దేశాల కంది మీద వేసే దిగుమతి సుంకం కూడా దేశమంతటికీ ఒక్కటే. దాన్ని వేసేదీ తీసేదీ కేంద్రమే. వచ్చిన సుంకం డబ్బులో రాష్ట్రాలకు వాటా ఉంది గానీ, ఎంత వేయాలో చెప్పే హక్కు లేదు.

ఒకే సుంకం ఉండడం తప్పు కాదు. కానీ దాని కింద ఉన్నవాళ్లంతా సమానులు కారు. సుంకం తీసేస్తే పప్పు కొనేవారికి ఊరట, రెండెకరాల కంది రైతుకు దెబ్బ.

జరిగింది గుర్తు చేసుకోండి. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. 2016 జూలైలో కేంద్రం మొజాంబిక్‌తో కంది దిగుమతికి ఒప్పందం చేసుకుంది. ధర చూసి మనమూ విరివిగా వేశాం, పంట విరగబండింది. 2016-17లో బోనస్‌తో కలిపి మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలు. యార్డుల్లో అంతకన్నా తక్కువకే అడిగారు. 10 శాతం సుంకం వేసింది 2017 మార్చిలో. దిగుమతికి 2 లక్షల టన్నుల హద్దు పెట్టింది ఆగస్టులో. అప్పటికి చిన్న రైతు ఇంట్లో గింజ మిగిలిందా?

2021 మేలో ఆ హద్దు ఎత్తేశారు. 2023 మార్చిలో సుంకమూ తీసేశారు. 2025 జనవరిలో, కొత్త కంది యార్డుకొచ్చే రోజుల్లోనే, సుంకం లేని దిగుమతిని 2026 మార్చి 31 దాకా పొడిగించారు. విత్తేనాటి లెక్క కోసేనాటికి నిలవకపోతే రైతు ఏం చేయాలి?

ఇక్కడ ఇంకో మాటా ఒప్పుకోవాలి. మొజాంబిక్ రైతూ మనలాంటి చిన్న రైతే, తగవు ఆయనతో కాదు. మన ఊళ్లోని కూలీలూ పప్పు కొనుక్కునే తింటారు. కాబట్టి దిగుమతి అసలే వద్దనడం న్యాయం కాదు. మనం అడగాల్సింది వేళ, మాట.

దక్షిణాఫ్రికా, దాని పొరుగున ఉన్న బోట్స్‌వానా, లెసోతో వంటి చిన్న దేశాలు 1910 నుంచి ఒకే సుంకం కింద ఉన్నాయి. చాలాకాలం ఆ సుంకం పెద్ద దేశం చెప్పినట్టే నడిచింది. 2002 ఒప్పందంలో మంత్రుల మండలి పెట్టి, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయమని రాసుకున్నారు. అంత దూరం ఎందుకు, మన జీఎస్టీ కౌన్సిల్‌లో చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ ఓటు బరువు ఒక్కటే. పప్పుల సుంకానికి అలాంటి కూర్చుని మాట్లాడే చోటు ఎందుకు ఉండకూడదు?

అడగాల్సినవి మూడు. మద్దతు ధర ప్రకటించేటప్పుడే ఆ ఏడాది దిగుమతి సుంకమూ ప్రకటించాలి. పంట యార్డుకొచ్చే డిసెంబర్ నుంచి మార్చి దాకా సుంకం తగ్గించరాదు. ధర మద్దతు కంటే కిందికి పడితే, ఎవరూ అడగకుండానే సుంకం పెరగాలి.

గ్రామసభలో ఈ మూడూ తీర్మానం చేయించండి. ఎంపీకి ఒక ప్రతి పంపండి. ఆ మాట నెగ్గేదాకా నిరుటి ధర చూసి ఉన్న భూమంతా కందికే ఇవ్వకండి. సాళ్ల మధ్య జొన్నో పెసరో వేసుకోండి.