ఫార్మాటునకు ముందు

సంకేతపదము సరిగానే ఇచ్చిన మరుక్షణమున తెర నీలమై, కంప్యూటరు తనంతట తాను మరల మొదలై, తిరిగి ఆ సంకేతపదమునే అడిగి, తిరిగి అట్లే కూలుచుండగా, దానిని మోసికొని విల్లియనూరు రోడ్డుమీది మరమ్మతు దుకాణమునకు పోయిన రెడ్డియార్‌పాళయవాసి తఱచుగా వినెడు తొలిమాట ‘ఫార్మాటు కొట్టేద్దాం’ అనునదే. చివర రావలసిన ఈ మాట మొదటనే వచ్చుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. యానాము నుండి చదువునకై ఇచ్చటికి వచ్చిన విద్యార్థి ప్రాజెక్టును, చిన్న వర్తకుని లెక్కలను ఆ ఒక్కమాట తుడిచివేయగలదు.

యంత్రము లాగిన్ తెర వఱకు వచ్చినదనగా మూలవ్యవస్థలో అధికభాగము సజీవముగానే యున్నది. అటుపిమ్మట ఆ వినియోగదారుని ప్రొఫైలు తెఱచుకొనును, అతని రిజిస్ట్రీ భాగము చదువబడును, గ్రాఫిక్స్ డ్రైవరుకు పని పెరుగును, స్టార్టప్ ప్రోగ్రాములు లేచును. దోషము సాధారణముగా వీనిలోనే దాగియుండును. కావున షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ నెంచుకొని, సేఫ్ మోడ్‌లో ప్రవేశించి చూడవలెను. అచ్చట కూలనియెడల అనుమానము డ్రైవరుమీదికో, వెంటలేచు ప్రోగ్రాముమీదికో మరలును. వేఱొక ఖాతాతో ప్రవేశము కుదిరినచో పాత ప్రొఫైలే చెడినదని తలంపవచ్చును. నీలితెరమీది స్టాప్ కోడును ఫోనుతో ఫోటో తీసికొని, ఈవెంట్ వ్యూయర్‌లో ఆ నిమిషపు నమోదులతో పోల్చినచో దారి మఱింత స్పష్టమగును. ఫార్మాటు ఈ సాక్ష్యమునంతటిని చెఱపివేయును. దోషము ర్యామ్‌లోనో డిస్కులోనో ఉన్నచో, కొత్తగా ఎక్కించిన విండోస్ కూడ కూలుచునే యుండును.

ఫార్మాటు లేకయే దోషమును తొలగింపవచ్చుననుటకు 2024 జూలై 19, శుక్రవారము నాటి ఉత్పాతము గొప్ప నిదర్శనము. మన కాలమానమున ఉదయము 9 గంటల 39 నిమిషములకు క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ తన రక్షణ ప్రోగ్రామునకై ఒక ఫైలు పంపెను. అది 21వ విలువను పరిశీలింపుమనగా, ప్రోగ్రామునకు అందినవి 20 మాత్రమే. లేనిదానికై స్మృతి హద్దు దాటి చదువబోయి విండోస్ కూలినది. గంటా పద్దెనిమిది నిమిషములలో ఆ ఫైలును వెనుకకు తీసికొన్నను, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు దాని వాతబడెను. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. అంతటి విపత్తునకును చికిత్స సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఆ ఒక్క ఫైలును తొలగించుటయే! అయినను అనేక యంత్రములకడకు మనుష్యుడే నడచిపోవలసివచ్చెను. బిట్‌లాకర్ రక్షణ గలవానికి 48 అంకెల రికవరీ కీ కూడ వెదకవలసివచ్చెను. మన యింటి ల్యాప్‌టాపునకు అట్టి కీ గలదేమో చూచుకొని, నేడే కాగితముమీద వ్రాసి దాచుకొనుట మేలు.

దుకాణమువారిని నేను నిందింపను. కారణము వెదకుటకు పట్టు గంటకు ఎవరును రుసుము చెల్లింపరు, ఫార్మాటునకైతే చెల్లింతురు. ఆ గంటకు మనమే సంతోషముగా చెల్లించి, తొలుత ఫైళ్లను వేఱొక డిస్కులోనికి తీయించి, కూలుటకు కారణమేమో బిల్లుమీద ఒక్క పంక్తిలో వ్రాసి ఇమ్మని అడుగవలెను.

— విశ్లేషకుడు, రెడ్డియార్‌పాళయము