కూలిపేటల కరెంటు గోడు ఎవరికి పట్టింది?

ఆలూరు ప్రాంతంలో కరెంటు పోవడం వార్త కాదు. పోయిన కరెంటు ఏ వీధికి ముందు వస్తుంది, ఏ వీధికి రెండు రోజుల తర్వాత వస్తుంది అన్నదే వార్త. పెద్ద పత్రికలు దాన్ని రాయవు. "సాంకేతిక లోపం వల్ల సరఫరాకు అంతరాయం" అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. లోపం సాంకేతికమే కావచ్చు. కానీ దాన్ని సరిచేసే వరుస సాంకేతికం కాదు. గాలివాన కొట్టి తీగ తెగితే మొదట మెయిన్ రోడ్డు, తర్వాత పెద్దమనుషుల వీధి, మిల్లు ఉంటే మిల్లు. అందరిదీ అయినాక కూలిపేట. ఆలూరు, ఆస్పరి, హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి పల్లెలు తిరిగే మాకు ఈ వరుస బాగా తెలుసు.

పూర్వం కరెంటు ఉందా, మీ తాతలు బతకలేదా అని అడిగే బాబులూ ఉన్నారు. తాతల కాలంలో బాయిలో చేద వేసి నీళ్లు తోడుకున్నారు. ఇప్పుడు ఆ బాయిలు లేవు. బోరు నీళ్లయినా, కాలువ నీళ్లయినా మోటారు ఎక్కిస్తేనే ట్యాంకులో పడతాయి, ట్యాంకు నిండితేనే కొళాయి వస్తుంది. తాతల కాలంలో బుడ్డి దీపం ఉండేది. రేషన్ కిరసనాయిలు ఆగిపోయి ఏళ్లయింది.

పత్తి విడిపించే కాలంలో ఆడవాళ్లు మబ్బుతోనే లేవాలి. రొట్టెలు చేసుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి, పిల్లలకింత పెట్టి ఆటో ఎక్కాలి. రాత్రి కరెంటు లేకపోతే ట్యాంకు నిండదు. తెల్లారి కొళాయి దగ్గర బిందెలు బారులు తీరతాయి. ఆటోవాడు బిందెల కోసం ఆగడు. ఆటో తప్పినోళ్లకు ఆ పూట కూలి లేదు. కరెంటు బిల్లులో అన్ని రకాల చార్జీలూ రాస్తారు గదా, ఈ పోయిన కూలిని ఏ గడిలో రాస్తారు? ఒక పేటలో ఒక అక్క మాతో అన్నది: "దీపం లేకుంటే చీకట్లో పడుకుంటాంలేన్నా. నీళ్లు లేకుంటే పనికి పోయేకి ఎట్ల అవుతాది?"

ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. రేకుల ఇంట్లో ఫ్యాను తిరగకపోతే పసిపిల్ల నిద్రపోదు, తల్లి నిద్రపోదు. అందరూ బయట వాకిట్లో పడుకుంటారు. తేలో పామో వస్తే చూసేకి వెలుతురు ఉండదు. రాత్రంతా జాగారం చేసిన మనిషే పొద్దున ఉపాధి పనికి పోయి కొలత ప్రకారం మట్టి తవ్వాలి. కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. కరెంటు పోయినందుకు కొలతలో తగ్గింపు ఏమీ లేదు.

ఇక సుగ్గి. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయి నెలల తరబడి ఇళ్లకు తాళాలేసుకునే కుటుంబాలు మన దగ్గర ఎన్నో. తిరిగొచ్చేసరికి బిల్లు బాకీ అని తీగ పీకేసి ఉంటుంది. తాళం వేసిన ఇంటి తీగ పీకడానికి తీరిక దొరికిన వాళ్లకు, మనుషులున్న ఇంటి ఫీజు వేయడానికి దొరకదు.

అసలు లోపం ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 1988-89లో కుటీర జ్యోతి పథకం పెట్టి పేదల ఇళ్లకు ఇంటికొక బల్బు ఇచ్చింది. 60 ఇళ్ల పేట అనుకుందాం. ఇంటికి 60 వాట్ల బల్బు ఒకటి వెలిగితే మొత్తం 3,600 వాట్లు. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు ఆడుతూ పాడుతూ మోస్తుంది. ఇప్పుడు అదే పేటలో ఇంటికి రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక మిక్సీ, కొన్ని ఇళ్లలో ఫ్రిజ్. ఇళ్లు కూడా పెరిగాయి. సాయంత్రం పూట ఇంటికి ఒక కిలోవాటు వాడుకున్నా 60 కిలోవాట్లు దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం అదే! మోయలేనంత బరువేస్తే ఎద్దయినా కూలబడుతుంది. ముందు వోల్టేజి పడిపోయి బల్బు ఎర్రగా మినుకుతుంది, తర్వాత ఫీజు పోతుంది, ఆఖరుకు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. కాలినాక దాన్ని మార్పించేకి ట్రాక్టరు బాడుగ ఇంటింటికీ చందా వేసుకుంటున్న పేటలున్నాయి. ఇది కూలిజనం కట్టవలసిన ఖర్చు ఎంతమాత్రం కాదు.

"మీరంతా కొక్కేలు వేసుకుంటారు, అందుకే కాలుతుంది" అంటారు. వేసేవాళ్లు కొందరు ఉంటారు, లేరని మేము బుకాయించం. మీటరు అడిగితే తిప్పుకోకుండా ఇస్తే కొక్కెం ఎవడు వేస్తాడు? ప్రాణం మీదకు తెచ్చుకునే సరదా ఎవరికుంది? దళిత గిరిజన కాలనీల ఇళ్లకు ఇచ్చే ఉచిత కరెంటును 2019లో నెలకు 100 యూనిట్ల నుంచి 200కు పెంచారు. అప్పటి నుంచి ఇంకో మాట మొదలైంది: "ఊరికే వచ్చే కరెంటుకు ఇన్ని మాటలా?" ఊరికే కాదు. పేదల తరఫున ఆ డబ్బు ప్రభుత్వం కడుతుంది. అది అందరి పన్నుల సొమ్ము, అగ్గిపెట్టె కొన్నా మనమూ కడుతున్నదే.

దేశంలో కరెంటు కొరత ఉందా అంటే, మన జిల్లా ఆకాశమే జవాబు చెబుతుంది. ఆస్పరి, దేవనకొండ వైపు గాలిమరలు తిరుగుతున్నాయి. గని, శకునాల ఊళ్ల దగ్గర వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చింది. ఆ కరెంటు నేరుగా మన పేటకు దిగదు, పెద్ద లైన్ల మీద దూరం పోతుందని మనకూ తెలుసు. మేము అడిగేది అదే. వందల మైళ్లు పోయేకి లైన్లు వేయగలిగిన వాళ్లు, సబ్‌స్టేషన్ నుంచి పేట దాకా చివరి మూడు మైళ్లు ఎందుకు సరిచేయలేరు? ఆ మూడు మైళ్లలో లాభం లేదు గనుక!

లెక్కల్లో మాత్రం మనకు వెలుగు ఎప్పుడో వచ్చింది. 2004 నాటి నిర్వచనం ప్రకారం ఊళ్లో నూటికి పది ఇళ్లకు, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లకు కరెంటు ఉంటే ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. మిగతా తొంభై ఇళ్లు లెక్కలోకి రావు. దేశంలో అన్ని ఊళ్లకూ కరెంటు అందిందని 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది ఈ కొలబద్దతోనే. రోజుకు ఎన్ని గంటలు ఉంటుందన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు.

కూలోళ్లకూ రైతులకూ తగువు పెట్టే మాట ఒకటి ఈమధ్య బాగా వినబడుతోంది. రైతుల ఉచిత కరెంటు వల్లే పల్లెల్లో కోతలట. 2020 సెప్టెంబరులో 22వ నంబరు జీవో ఇచ్చి వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టబోయినప్పుడు కూడా ఇదే పాట వినిపించింది. చాలాచోట్ల మోటార్లకు వేరే ఫీడరు, ఇళ్లకు వేరే ఫీడరు. పొలంలో మోటారు ఆపితే పేటలో బల్బు వెలగదు. పైగా బోరు ఎండిన చేలో కూలి ఎక్కడిది? ఈ మాటకు మనం లొంగకూడదు.

2000వ సంవత్సరంలో చార్జీలు పెంచినప్పుడు పట్నం బస్తీల వాళ్లు, పల్లె రైతులు, కూలీలు కలిసే కదిలారు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో విష్ణువర్ధన్ రెడ్డి, రామకృష్ణ, బాలస్వామి అనే ముగ్గురు చనిపోయారు. ప్రపంచబ్యాంకు అప్పుతో వచ్చిన సంస్కరణల మీద జరిగిన పోరాటమది. 2004 మే నెలలో ఉచిత విద్యుత్ సంతకం పడిందంటే దాని వెనుక ఆ ముగ్గురి రక్తం ఉంది.

ఇప్పుడు చేతిలో ఉన్న ఆయుధం సంగతి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే ప్రమాణాలు పెట్టింది. పల్లెల్లో ఫీజు పోతే 12 గంటల్లో వేయాలి. ట్రాన్స్‌ఫార్మరు కాలితే 48 గంటల్లో మార్చాలి. గడువు దాటితే వినియోగదారుకు పరిహారం చెల్లించాలి. మన పేటల్లో ఆ పరిహారం అందుకున్న మనిషి మాకు ఇంతవరకు తారసపడలేదు. కారణం మామూలే. లైన్‌మన్‌ను నోటిమాటగా "సార్, కొంచెం చూడండి" అని బతిమాలుతాం. ఆయనొక్కడే అన్ని ఊళ్లకు తిరగాలి, ఆయన్ను తిట్టీ లాభం లేదు. నోటిమాటకు తేదీ ఉండదు, గంట ఉండదు. తేదీ లేకపోతే 48 గంటలు ఎప్పటి నుంచి లెక్కపెడతారు?

అందుకే పేటకొక నోటుబుక్కు పెట్టిస్తున్నాం. కరెంటు పోయిన తేదీ, గంట, వచ్చిన గంట, 1912 నంబరుకు ఫోను చేస్తే చెప్పిన ఫిర్యాదు నంబరు రాయాలి. పదో తరగతి చదివే ఆడపిల్లలు ఈ పని చక్కగా చేస్తున్నారు. మీటరు ఎవరి పేరు మీద ఉందో, ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని కె.వి.ఏ.లదో, దాని మీద ఎన్ని ఇళ్లున్నాయో మొదటి పేజీలో రాయించండి. సుగ్గికి పోయే కుటుంబాలు పోకముందే తమ సర్వీసు నంబర్లు చెప్పి పోవాలి. నెల నిండినాక పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి, ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి పేటల వారీగా అర్జీలు పంపుతాం. పుస్తకం అందని పేటల కార్యకర్తలు సంతరోజు వచ్చి తీసుకుపోవాలి.