వాడరేవు నుండి స్టువర్టుపురము దాక

గత మాసమున మేము పిల్లలతో వాడరేవునకు పోయితిమి. చీరాలకు చేరువనున్న యీ పల్లె, పేరునకు తగినట్లు, వాడలు నిలిచిన రేవు. నేడు వలలారబెట్టు బెస్తవారును, సముద్రస్నానమునకై వచ్చు యాత్రికులును అచట కన్పట్టుదురు. స్నానములైన పిదప మా పిల్లవాడొకడు, “అమ్మా! దొంగల యూరు దగ్గరనే యున్నదట. చూచి వత్తమా?” అని యడిగెను. చీరాల బాపట్లల నడుమ నున్న స్టువర్టుపురమును గూర్చి వాడడిగినది. మందలింపబోయి యాగితిమి. ఆ మాట వాడు మా యింటనే విని యుండును గదా!

నేరము చేసినవారిని దూరతీరములకు పంపి, వారుండిన చెరసాలలను నేడు జనులకు చూపుట లోకమున వాడుకయైనది. ఆస్ట్రేలియాలోని అట్టి స్థలములు పదునొకండు 2010లో ప్రపంచ వారసత్వ పట్టిక కెక్కినవి. అండమానులోని సెల్యులరు జైలును చూడ మనవారును పోవుచున్నారు. ఆ ఖైదీలకు న్యాయముగనో అన్యాయముగనో ఒక విచారణయు, ఒక శిక్షయు నుండెను. స్టువర్టుపురమున కట్టివేయబడిన వారిలో పెక్కుమందికి అదియు లేదు. వారి నేరము పుట్టుక.

ఎరుకలవారు పూర్వము ఎడ్లపై సముద్రతీరపు ఉప్పును లోనాడులకు మోసి, ధాన్యము తెచ్చి బ్రతికినవారు. స్త్రీలు బుట్టలల్లుదురు, ఎరుక చెప్పుదురు. దొరతనమువారి యుప్పు చట్టములును, రైలు మార్గములును వచ్చి ఆ వర్తకమును చెరచినవి. కూడు పోయినవారు తిరుగాడిన, అనుమానము వెంటాడెను. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరజాతుల చట్టము, 1911లో క్రొత్తరూపము దాల్చి మదరాసు రాజధానికిని వచ్చెను. 1913 ప్రాంతమున సాల్వేషను ఆర్మీ యను క్రైస్తవ సంఘము నిర్వహణ క్రింద ఈ నివేశనము వెలసెను. మదరాసు గవర్నరు కార్యాలోచన సభ సభ్యుడగు సర్ హెరాల్డు స్టువర్టు పేరే దీనికి పెట్టిరి.

పట్టికలో పేరు, వ్రేలిముద్ర, నియమిత వేళల హాజరు, సెలవుచీటి లేనిదే పొలిమేర దాటరాదు. పొలము పనియు, చీరాల పొగాకు కర్మాగారపు కూలియు జీవనాధారములు. వీని నన్నిటిని మించినది తల్లుల కడుపు కోత. ఆరేండ్లు దాటిన బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి, సంస్కరణ పాఠశాలలలో నుంచు నధికారము ఆ చట్టము సర్కారున కిచ్చెను. బిడ్డలకు చదువు చెప్పుట మంచిదే. కాని తల్లి యొడియే దోషమని నేర్పుట యే విద్య?

మదరాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను ఆ చట్టము తొలగెను. పేరు మాత్రము తొలగలేదు. చలనచిత్రములును దానినే పట్టుకొన్నవి. 1970వ దశకమున జాషువా కవి కుమార్తె హేమలతా లవణముగారు, భర్తతో కూడ ఆ యూరికి పోయి, జనుల నడుమ మెలగి, నేరవృత్తి మాన్పించుటకును, గౌరవజీవనము కల్పించుటకును పాటుపడిరి. పోలీసుల హాజరుపట్టీ చేయజాలని పనికి ఒక స్త్రీ పూనుకొనెను.

తిరుగు ప్రయాణమున రైలు ఆ స్టేషను దాటినప్పుడు ఈ కథ పిల్లవానికి చెప్పితిమి. వాడు కొంతసేపూరకుండి, “ఏ తప్పును చేయని పిల్లలపేర్లును వ్రాసికొనిరా?” అని యడిగెను. “వ్రాసికొనిరి నాయనా” అంటిమి. వాడు మరల దొంగల యూరని యనలేదు.

సోదరీమణులారా! వాడరేవునకు పోవునప్పుడు ఈ కథను గూడ మీ బిడ్డలకు చెప్పుడు. ఆ యూరి వారిని వింతగా చూడబోవలదు. మన యింట మెలగు ఆ యొక్క మాటను విడిచిన చాలును.