చిల్లు పడకముందే మాటు

చలికాలం ప్రవేశించగానే బందరులోనూ, గుడివాడలోనూ, దివిసీమ ఊళ్ళలోనూ ఒకే ఫిర్యాదు వినవస్తుంది: గీజరు పాడయింది. దానికి సమాధానమూ ఒకటే: మార్చేయండి. ఈ రెండు మాటల నడుమ ఉండవలసిన "ఎందుకు పాడయింది?" అనే ప్రశ్నను మాత్రం ఎవరూ అడగడం లేదు. తెలుగు పండితునికి గీజర్ల గొడవ ఎందుకని మిత్రులు నవ్వుకోవచ్చు. వేడి నీళ్ళు వేణ్ణీళ్ళు ఎలా అయ్యాయో చెప్పడానికి పండితుడు చాలు. ఆ నీళ్ళు కాగడం ఎందుకు మానివేశాయో తెలుసుకోవడానికి గృహస్థుకు కొంత లోకజ్ఞానం కావాలి. ఈ టపా ఆ లోకజ్ఞానం గురించి.

మా తరంవారికి బాయిలరు అంటే పెరట్లో ఉండే రాగి బాయిలరే. నడుమ నిప్పుల గొట్టం, దాని చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద రాలే జల్లెడ, ప్రక్కన ఇత్తడి కొళాయి. సరుగుడు పుల్లలు, కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు దాని ఆహారం. అదీ చెడిపోయేది. కొళాయి అరిగి కారేది. జల్లెడ కాలి విరిగిపోయేది. నీళ్ళు పోయడం మరచి నిప్పు వేస్తే అతుకు కరిగి ఊడిపోయేది. కొన్నాళ్ళకు లోపలి గొట్టానికి సూదిబెజ్జం పడేది. కాని ఏ భాగం ఏమైందో ఇంట్లో పనిమనిషి మొదలు పెద్దవారి దాకా అందరికీ కంటితో చూస్తేనే తెలిసేది. కంచరి వచ్చి, కొలిమి పెట్టుకొని, చిల్లుకు మాటు వేసి వెళ్ళేవాడు.

ఈ 'మాటు' మంచి మాట. మాటు అంటే మరుగు. మాటు అంటే పర్యాయం. మాటు అంటే లోహపాత్ర చిల్లుకు వేసే అతుకు. మొదటి రెండర్థాలు ఇంకా మన నోళ్ళలో నలుగుతున్నాయి. మూడో అర్థం మాత్రం కంచరితోపాటే వీధి నుంచి వెళ్ళిపోయింది.

ఇక గీజరు సంగతి. ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో ఉన్న నిలువ గీజరులో ఉక్కు తొట్టి ఉంటుంది. లోపలివైపున గాజువంటి పింగాణీ పూత పూసి ఉంటుంది. పూత ఎక్కడైనా బీటవారి ఉక్కు బయటపడిందంటే తుప్పు అక్కడ మొదలై, చివరికి చిల్లు పడుతుంది. ఆ చిల్లుకు మాటు వేయడం కుదరదు. వేడి తగిలించి అతికితే చుట్టూ ఉన్న పూత పగిలి ఇంకో చిల్లుకు దారి తీస్తుంది. కనుక తొట్టి పోతే గీజరు పోయినట్లే. ఇంతవరకు కంపెనీవారు చెప్పేది నిజం. వారు చెప్పనిది మరొకటి ఉంది: ఆ చిల్లు పడకుండా చూసే ఏర్పాటు గీజరులోనే ఉన్నది.

ఆ ఏర్పాటు మెగ్నీషియం కడ్డీ. ఆనోడ్ అంటారు. ఉక్కుకంటే ముందు తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం. మాటలు పుట్టించే సరదా మనకందరికీ ఉన్నది కదా, దీనిని 'బలికడ్డీ' అందామా? ఇంటిముందు కట్టిన గుమ్మడికాయ దిష్టిని తాను తీసుకొన్నట్లు, నీటిలోని ఉప్పు చేసే కీడును ఈ కడ్డీ తాను తీసుకొంటుంది. గుమ్మడికాయ కుళ్ళితే మరొకటి కడతాం. కడ్డీ కరిగితే మార్చడం మాత్రం మనకు తెలియదు, తెలిపేవారూ లేరు.

మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పటినుంచి, 1957 తరువాత ప్రకాశం బరాజు నుంచి, కాలువలలో వచ్చే కృష్ణ నీరే ఈ డెల్టా శివారుకు తీపి నీరు. బోరు దింపితే చాలాచోట్ల ఉప్పునీరే. పులిగడ్డ దగ్గర నది రెండుగా చీలి దివిసీమను కౌగిలించుకొన్నా, క్రిందినుంచి సముద్రం తన వాటా తాను తీసుకొంటూనే ఉంది. త్రాగడానికి కుళాయి నీరు, స్నానానికి బోరు నీరు వాడే ఇళ్ళు ఎన్నో. త్రాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు, కాఠిన్యం 200 మిల్లీగ్రాములు ఉండదగినవి. వేరే దిక్కు లేనప్పుడు 1000, 600 వరకు సహించవచ్చు. మీ బోరు నీరు ఈ లెక్కలో ఎక్కడుందో ఒకసారి పరీక్ష చేయించండి. ఉప్పెక్కువైతే కడ్డీ త్వరగా కరుగుతుంది. కాఠిన్యం ఎక్కువైతే, కాచినప్పుడు సున్నం విడిపడి హీటరు గొట్టం మీద పెంకు కడుతుంది.

ఆ పెంకు నుంచే సగం జబ్బులు పుడతాయి. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, లోపల చిటపట శబ్దం వస్తుంది. వేడి నీటిలోకి పోలేక గొట్టమే మాడి పగులుతుంది. పగిలిన గొట్టంలోనికి నీరు చేరితే స్విచ్చి వేయగానే ట్రిప్పవుతుంది. తొట్టికి ఉన్న రక్షణ వాల్వు సున్నం పట్టి బిగుసుకొంటుంది. నీళ్ళు కాగుతుండగా ఆ వాల్వు నుంచి నాలుగు చుక్కలు రాలడం దోషం కాదు, అది దాని పని. కారుతున్నదని దానికి బిరడా కొట్టినవారిని, ఎంసీల్ పూసినవారిని నేనెరుగుదును. ఒత్తిడి పోయే దారి మూసివేసిన తొట్టి పగిలితే ఇంటికే ముప్పు. ఇక నీళ్ళు అసలే కాగకపోతే థర్మోస్టాటో, అధికవేడికి ఆగే కటవుటో కారణం కావచ్చు. ఇవన్నీ విడిగా మార్చదగిన భాగాలే. గీజరు వెలతో పోలిస్తే వీటి ఖరీదు అల్పం.

గుడివాడలో మా మేనకోడలి ఇంట గీజరు అడుగునుంచి నీరు కారింది. కంపెనీ పంపిన మనిషి మూత విప్పకుండానే "ట్యాంకు పోయిందండి, ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకోండి" అని చెప్పి వెళ్ళాడు. తరువాత వీధి చివరి మెకానికును పిలిచారు. నేను అక్కడే ఉన్నాను. అతడు మెయిన్ ఆపి, నీళ్ళు వదిలి, అడుగు బోల్టులు విప్పి, "ట్యాంకుకేం కాలేదు మాస్టారూ. వాషరు గట్టిపడి పగిలింది, అంతే" అన్నాడు. లోపలి నుంచి ఒక సన్నని తీగ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మొదట్లో నా వేలంత లావుండేదండి. ఇంకో ఆరు నెలలు పోతే అప్పుడు నిజంగానే ట్యాంకు పోయేది. ఇదొకటి ఉంటుందని ఎవరూ చెప్పరండి." హీటరుకు పట్టిన పెంకు గీకి, కొత్త వాషరు, కొత్త కడ్డీ వేశాడు. ఆ గీజరు ఇప్పటికీ పనిచేస్తున్నది. కంచరి వెళ్ళిపోయాడని నేననుకొన్నాను గాని, ఆ విద్య వేరే చేతిలోకి వచ్చి మన వీధిలోనే ఉన్నది.

డబ్బుకంటె పెద్ద విషయం ప్రాణం. పగిలిన హీటరు నుంచి నీటిలోనికి దిగిన విద్యుత్తు భూమిలోనికి పోవడానికి ఎర్తు తీగ ఉండాలి. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది, మూడో రంధ్రం వెనుక ఏమీ ఉండదు. ఉన్నచోటనైనా, మన ఉప్పునేల విద్యుత్తును చక్కగా తీసుకొంటుంది గాని, పాతిన ఇనుప గొట్టాన్ని అంతకంటె చక్కగా తినివేస్తుంది. పదేళ్ళ క్రితం వేసిన ఎర్తు ఈనాడు ఉన్నదో లేదో మీటరు పెట్టి చూస్తే తప్ప తెలియదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బిగించుకోవడం, దాని పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడడం పిల్లలున్న ప్రతి ఇంటికీ అవసరం. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. ట్రిప్పవుతున్నదని ఆ రక్షణను తొలగించి నేరుగా కలిపించుకోవడం కంటె ప్రమాదకరమైన మరమ్మతు లేదు.

కంపెనీలపై నా అభియోగం ఒక్కటే. చాలా పూచీపత్రాలలో కఠినజలం వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదని చిన్న అక్షరాలలో ఉంటుంది. అమ్మేటప్పుడు మాత్రం "మీ నీళ్ళు ఎటువంటివి?" అని అడిగే దుకాణం కనబడదు. నాగాయలంకలో అమ్మదలచినవారు నాగాయలంక నీటికి తగిన మాట కూడా చెప్పాలి. కడ్డీ ఎప్పుడు మార్చాలో మూత మీద తెలుగులో అచ్చువేయాలి. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరచింది. 1915 నంబరుకు ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అడిగేవారు లేని హక్కు ఆచ్ఛాదన లేని దీపం వంటిది, గాలికి ఆరిపోతుంది.

మన బాధ్యతా ఉన్నది. ఉప్పునీటి ఇళ్ళలో ఏటా ఆశ్వయుజం వెళ్ళేలోపల, చలి ముదరకముందే, తెలిసిన మెకానికు చేత గీజరు విప్పించండి. కడ్డీ, పెంకు, వాల్వు, ఎర్తు, ఈ నాలుగూ చూపించుకోండి. మార్చిన పాత భాగాన్ని చేతికి అడిగి తీసుకోండి. కారణం చెప్పనిదే కొత్తది కొనకండి. చెప్పగలిగినవానికి అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఆ కూలి విద్యకు.

రాగి బాయిలరుకు చిల్లు పడిన తరువాత మాటు వేయవచ్చు. గీజరుకు చిల్లు పడకముందే వేయాలి. తేడా అంతే. మీ మీ ఊళ్ళలో నీరు ఎటువంటిదో, ఆ చిల్లు అతుకును మీవైపు ఏమంటారో తెలుపగలరు.