పరపతికి మరమ్మతు

పరపతి అను మాటకు మన భాషలో రెండర్థములున్నవి. అప్పు పుట్టుట ఒకటి, నలుగురిలో మాట చెల్లుట మరొకటి. ఉర్దూ విభాగపు మిత్రులు వాడు 'సాఖ్' అను మాటలోను ఈ రెండూ కలిసియే యున్నవి. మా పెద్దల కాలమున రెంటికీ సాక్షి ఒక్కడే, వీధి చివరి కిరాణా దుకాణదారు. ఎవరికి ఉద్దెర ఇవ్వవచ్చునో ఆయన జ్ఞాపకమే చెప్పెడిది. ఆ జ్ఞాపకమునకు పక్షపాతమును ఉండెడిది. దానిపై మాకు మోహమేమియు లేదు. అయినను ఆయన పొరబడినచో ఎదుటికి పోయి వాదించుటకు వీలుండెడిది.

నేడా జ్ఞాపకము మూడంకెల సంఖ్యగా మారినది. 2000లో ఏర్పడిన సిబిల్‌తో కలిపి నాలుగు సంస్థలు మన అప్పుల చరిత్రను భద్రపరచుచున్నవి. 300 మొదలు 900 వరకు ఉండు ఈ స్కోరు 750 దాటినచో బ్యాంకులు సాధారణముగా ఆదరముతో చూచును. బాగా తగ్గినచో తలుపు మూయును, లేదా అధిక వడ్డీ అడుగును. విచారకరమైన విషయమేమనగా, మనలో పెక్కుమంది తమ చరిత్రను మొదటిసారి చూచునది అప్పు నిరాకరింపబడిన తరువాతనే.

మా కళాశాలలో పట్టము పుచ్చుకొన్న ఒక మిత్రుని ఇంట ఇదే జరిగినది. దర్జీ పని చేయు తండ్రి రెండు కొత్త మిషన్లకై అప్పు కోరగా, స్కోరు చాలదని బ్యాంకువారు త్రిప్పి పంపిరి. అంతలో ఒక ఏజెంటు వచ్చి, అయిదువేలిచ్చినచో నెలలో రికార్డును శుభ్రము చేయించెదననెను. ఇట్టివారిని నమ్మరాదని మా దృఢాభిప్రాయము. రికార్డులోని నిజమును ఏ రుసుముతోను చెరపలేరు. అబద్ధమును తొలగించుకొనుటకు రుసుమే అక్కరలేదు.

రిజర్వు బ్యాంకు ఆదేశము వలన 2017 నుండి ఈ నాలుగు సంస్థలలో ప్రతి యొక్కటి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇవ్వవలసియున్నది. మన నివేదికను మనము చూచుకొన్నందున స్కోరు తగ్గదు. నెలలో అయిదారు చోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టినచో తగ్గును. మిత్రుడు తండ్రి నివేదిక తెప్పించి చూడగా రెండు మచ్చలు కనబడినవి.

మొదటిది జామీను. బంధువొకరి అప్పునకు తండ్రి పూచీ పడియుండెను. ఆ అప్పు తీరి రెండేండ్లయినను, ఇచ్చిన సంస్థ ఆ సంగతి తెలుపనందున బాకీగానే నిలిచియున్నది. 2005 నాటి చట్టము ప్రకారము తప్పును దిద్దుమని కోరు హక్కు మనకున్నది. ముప్పది దినములలో పరిష్కరింపనిచో, 2024 నుండి రోజుకు 100 రూపాయల పరిహారము చెల్లింపవలెను. బాకీ లేదన్న పత్రమును జతపరచి ఫిర్యాదు చేయగా, నెల తిరుగకముందే ఆ వరుస సరిదిద్దబడినది.

రెండవ మచ్చ పొరపాటు కాదు. తండ్రి పేరున వాయిదాలలో సెల్‌ఫోను కొన్నది మిత్రుడే. మూడు వాయిదాలు ఎగవేసినది మిత్రుడే. ఆ వరుస చూచి తండ్రి ఏమియు అనలేదట. కొడుకునకు ఆ రాత్రి అన్నము సహించలేదట. సగము కట్టిన చాలునని కంపెనీవారు ఆశ చూపిరి. కాని అట్లు కట్టినచో నివేదికలో 'సెటిల్డ్' అని పడును. అది 'క్లోజ్డ్' కాదు. పూర్తి సొమ్ము రాలేదని తరువాతి బ్యాంకునకు అది చెప్పుచునే యుండును. మిత్రుడు తన మొదటి రెండు జీతములతో మొత్తము కట్టివేసెను. ఆలస్యపు గుర్తులు మాత్రము పోలేదు. గడచిన ముప్పదియారు నెలల చెల్లింపులు నివేదికలో కనబడును. తరువాతి నెలలు సకాలమున నిండిన కొలది పాత గుర్తుల బరువు తగ్గును. ఇంతకు మించిన దగ్గరి దారి మాకు కనబడలేదు.

ఈ పద్ధతి అంతయు న్యాయమని మేమనము. ఎన్నడును అప్పెరుగని వానికి స్కోరే యుండదు. జన్మమంతయు నిప్పువలె బ్రతికినవాడు బ్యాంకునకు అపరిచితుడు! అయినను మన తప్పు మనయందున్నది. మా తోటివారు విద్యారుణములపై సంతకము చేయుచున్నారు. తల్లిదండ్రులు సహ ఋణగ్రహీతలగుచున్నారు. చదువు ముగిసి వాయిదాలు మొదలైన తరువాత ఒక్కటి తప్పినను ఇద్దరి నివేదికలలోను పడునని వారికి చెప్పినవారు లేరు. పద్దుల సిద్ధాంతమును మూడేండ్లు బోధించు వాణిజ్య విభాగమువారు, చివరి సంవత్సరమున ఒక్క గంట ఈ నివేదికను చదువుట నేర్పవలెనని మా విన్నపము.

ఇది వ్రాయునాటికి దర్జీగారి రెండవ దరఖాస్తు బ్యాంకులో నున్నది. ఈసారి దానిని పూరించినది కొడుకే.