ఇగ్వానా కొనాలంటే ముందు ఆకు నాటండి

పై వీడియోలో మన మునగ చెట్టు కింద మెష్ పెట్టెలో కనిపిస్తున్నది తొండ కాదు, ఉడుమూ కాదు. గ్రీన్ ఇగ్వానా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే జీవి. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి దీంతో ఏం పని అంటారా? చెప్తాను.

టౌన్లో ఉండే ఒక కుర్రాడు కొన్ని నెలలుగా ఆకు కోసం మా తోటకి వస్తున్నాడు. ఏదో షాపులో జానెడు పిల్లని గాజు పెట్టెలో పెట్టి అమ్మారట, పురుగులు వేస్తే చాలన్నారట. కొన్నాళ్లకే దాని దవడ మెత్తబడింది, కాళ్లు వణకడం మొదలైంది. పశువుల డాక్టరు చూసి ఎముకల్లో కాల్షియం లేదన్నారు.

అసలు విషయం ఏంటంటే, ఇగ్వానా ఆకు మేసే జీవి. తిన్న ఆకుని దాని పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెడతాయి. మన జీవామృతం డ్రమ్ములో జరిగే పనే అనుకోండి. అడవిలో పిల్లలు పెద్దవాటి రెట్ట తిని ఆ సూక్ష్మజీవుల్ని సంపాదించుకుంటాయి, మనం పాలకి తోడు వేసినట్టు. ఆ పని జరగాలంటే వేడి కావాలి. ఒళ్లు కాచుకునే చోట 35 డిగ్రీల దాకా ఉండాలి. ఏసీ గదిలో పెడితే తిన్నది అరగదు.

ఎండ కూడా నేరుగా తగలాలి. ఎండలోని అల్ట్రావయొలెట్-బి కిరణాలతోనే దానికి విటమిన్ డి3 తయారవుద్ది, అది లేకపోతే కాల్షియం ఒంటబట్టదు. కిటికీ పక్కనే పెట్టాం అంటారు. గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. పైగా గాజు పెట్టెని ఎండలో పెడితే లోపల ఉడికి చచ్చిపోద్ది. మెష్ పెట్టె, అందులో సగం నీడ, అంతే.

మేత మునగాకు, మల్బరీ ఆకు, మందారం ఆకు, పువ్వు, కొంచెం గుమ్మడికాయ తురుము. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వాటిలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. గుడ్డు, మాంసం వేస్తే కిడ్నీలు పోతాయి. మార్కెట్ ఆకు మీద ఏ మందు కొట్టారో మనకి తెలీదు. మనది సహజం కదా అని ధీమా కూడా వద్దు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటది. అది కొట్టిన మొక్క ఆకు నేనైతే ఇవ్వను.

ఇంకోటి. ఈ జానెడు పిల్ల తోకతో కలిపి 5, 6 అడుగులు అవుద్ది. బాగా చూసుకుంటే 20 ఏళ్ల దాకా కూడా బతకొచ్చు. భరించలేక వదిలేస్తే ఏమవుద్దో అమెరికాలోని ఫ్లోరిడాలో చూడొచ్చు. అక్కడ పెంపుడువి బయటపడి సంతతి పెరిగి తోటలు మేస్తున్నాయి, కాలువ గట్లకి బొరియలు పెడుతున్నాయి. చలి రాత్రుల్లో కొయ్యబారి చెట్ల మీంచి కింద పడతాయి. మన దగ్గర అంత చలి కూడా ఉండదు. అందుకే చెప్తున్నా, పెరట్లో మునగ, మందారం లేనివాళ్లు కొనొద్దు.

ఇప్పటికే ఉన్నవాళ్లు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు చేయించుకోండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అంటుకోవచ్చు.

ఆ కుర్రాడి ఇగ్వానా ఇప్పుడు కొమ్మ ఎక్కుతోంది. దవడ మాత్రం వంకరగానే ఉండిపోయింది. వీడియో చివర్లో దగ్గరగా చూపించాను, చూడండి.